ఉప్పుగాలి తీరానికి ఏ బైపోలార్ ప్లేటు?

హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ కలిపి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్స్ మధ్య పెట్టే పలకే బైపోలార్ ప్లేటు. దాన్ని చేయడానికి నేడు వాడుతున్నవి ముఖ్యంగా మూడు: గ్రాఫైటు, స్టెయిన్‌లెస్ స్టీలు, టైటానియం. ఈ మూడింటితోనూ శ్రీకాకుళం, విజయనగరం నేలకు ఏదో ఒక చుట్టరికం ఉంది. తూర్పు కనుమల ఖోండలైటు రాళ్లలో గార్నెట్, సిల్లిమనైట్‌లతో పాటు గ్రాఫైటు రేకులు కనిపిస్తాయి. గరివిడి చుట్టుపక్కల మాంగనీసు గనులు, గరివిడిలోని ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఉక్కు రంగానికి దశాబ్దాలుగా తెలిసిన పేర్లు. భావనపాడు, కళింగపట్నం, శ్రీకూర్మం తీరపు నల్ల ఇసుకలో టైటానియం ఖనిజమైన ఇల్మనైటు ఉంది. ఖనిజం కాళ్ల కిందే ఉన్నప్పుడు ప్లేటు ఇక్కడే ఎందుకు చెయ్యకూడదన్న ప్రశ్న రావడం సహజం. కానీ ప్లేటు మంచిచెడ్డలు తేలేది ఖనిజం దగ్గర కాదు. పైన ఉండే కొన్ని నానోమీటర్ల పొర దగ్గర, పక్కనున్న కార్బన్ పేపరుకు (గ్యాసును సెల్‌లోకి పంచే పల్చటి కార్బన్ నార షీటుకు) అది తాకే తీరు దగ్గర, అందులోంచి నీళ్లలోకి ఏమేం దిగుతాయన్న దాని దగ్గర తేలుతుంది. ఈ తీరంలో అయితే గాలిలోని ఉప్పును కూడా ఆ జాబితాలో చేర్చాలి.

ముందు ప్లేటు చేసే పని. ఇక్కడ మాట్లాడుతున్నది 60 నుంచి 80 డిగ్రీల వేడిలో నడిచే పాలిమర్ మెంబ్రేన్ రకం సెల్ గురించి. ప్రోటాన్లను దాటనిచ్చే పల్చటి పాలిమర్ పొరే ఈ మెంబ్రేన్. లోడు మీద ఒక్కో సెల్ ఇచ్చేది 0.6 నుంచి 0.7 వోల్టులే, కాబట్టి పదుల నుంచి వందల సెల్స్‌ను వరసగా పేర్చి దొంతర (స్టాకు) కట్టాలి. రెండు సెల్స్ మధ్య ఉండే పలకే బైపోలార్ ప్లేటు. దాని ఒక ముఖం మీది కాలువల్లో హైడ్రోజన్, రెండో ముఖం మీద గాలి, చాలా డిజైన్లలో నడుమ చల్లబరిచే నీళ్లు పోతాయి. ఈ మూడూ ఒకదాంతో ఒకటి కలవకూడదు. ఒక సెల్‌లో పుట్టిన కరెంటు మొత్తం ఈ పలక మందం గుండానే పక్క సెల్‌లోకి వెళ్లాలి. ఇవన్నీ చేస్తూనే, స్టాకును బిగించే బోల్టుల ఒత్తిడికి పగలకుండా నిలబడాలి. ప్లేటు చుట్టూ ఉండే నీళ్లు వెచ్చగా, తేమగా, కొంచెం ఆమ్లంగా, పీహెచ్ 3 నుంచి 5 దాకా ఉంటాయి. మెంబ్రేన్ అరుగుతున్న కొద్దీ వాటిలో కాస్త ఫ్లోరైడు కూడా కలుస్తుంది.

అమెరికా ఇంధన శాఖ పెట్టిన లక్ష్యాలనే లోకమంతా కొలబద్దగా వాడుతోంది. తుప్పు కరెంటు (లోహం కరిగే వేగాన్ని చూపే కరెంటు) చదరపు సెంటీమీటరుకు 1 మైక్రో ఆంపియరు లోపు, నిరోధం 10 మిల్లీ ఓమ్ చదరపు సెం.మీ. లోపు, వంపు బలం 40 మెగాపాస్కల్ పైన, బరువు కిలోవాటుకు 0.18 కిలో, ఖరీదు కిలోవాటుకు 2 డాలర్లు. ఈ అయిదూ ఒకే పదార్థంలో దొరకడం కష్టం. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి జారిపోతుంది.

బరువు లెక్క చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ప్లేటు వైశాల్యం 400 చదరపు సెం.మీ., అందులో పనిచేసే భాగం 300 అనుకుందాం. చదరపు సెం.మీ.కు 1 ఆంపియరు, 0.65 వోల్టుల దగ్గర ఆ సెల్ ఇచ్చేది 195 వాట్లు. కాలువల ఖాళీని పక్కనపెడితే, 3 మి.మీ. మందం గ్రాఫైటు పలక సుమారు 220 గ్రాములు, అంటే కిలోవాటుకు 1.1 కిలో. 2 మి.మీ. గ్రాఫైటు-రెసిన్ మిశ్రమం అయితే 150 గ్రాములు, కిలోవాటుకు 0.78 కిలో. 0.1 మి.మీ. స్టీలు రేకులు రెండు కలిపి 64 గ్రాములు, కిలోవాటుకు 0.33. అదే మందం టైటానియం 36 గ్రాములు, కిలోవాటుకు 0.18 పైచిలుకు. కార్ల కంపెనీలు రేకుల వైపు ఎందుకు మొగ్గాయో వేరే చెప్పక్కర్లేదు. 2014 చివర్లో జపాన్‌లో విడుదలైన టయోటా మిరాయ్‌లో 370 సెల్స్ పేర్చి, కార్బన్ పూత పూసిన టైటానియం ప్లేట్లు వాడారు. 2020లో వచ్చిన రెండో తరం మిరాయ్‌కు కోబే స్టీల్ కార్బన్ పొర ఉన్న టైటానియం రేకును తయారుచేసింది. కెనడా ఫ్యూయల్ సెల్ కంపెనీ బలార్డ్ మాత్రం చాలాకాలంగా గ్రాఫైటునే నమ్ముకుంది. బస్సుల్లో, స్థిరంగా ఉండే యంత్రాల్లో బరువు కంటే ఆయుష్షు ముఖ్యం.

గ్రాఫైటుకు తుప్పు భయం దాదాపు లేదు. అందులోంచి ఇనుము, క్రోమియం వంటి అయాన్లు దిగవు, పైన కరెంటును ఆపే ఆక్సైడు పొరా ఏర్పడదు. పెళుసుతనం, సూక్ష్మరంధ్రాలే దాని సమస్యలు. కోక్, తారు కలిపి 2500 డిగ్రీల పైన కాల్చి చేసే కృత్రిమ గ్రాఫైటు దిమ్మలో రంధ్రాలు మిగిలిపోతాయి, వాటి గుండా హైడ్రోజన్ దాటిపోతుంది. అందుకే వాక్యూమ్‌లో గాలి లాగేసి, ఒత్తిడితో రెసిన్ ఎక్కించి, ఆ తరవాత సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే కోత యంత్రం) మీద కాలువలు కోస్తారు. పది పదిహేను ప్లేట్లతో ప్రయోగశాల స్టాకు కట్టేవాళ్లకు ఇదే సులువైన దారి. ఒక జాగ్రత్త: గ్రాఫైటు పొడి కరెంటును మోస్తుంది. మామూలు ఇనుప పని చేసే సీఎన్‌సీలో దుమ్ము లాగే ఏర్పాటు లేకుండా కోస్తే ఆ పొడి కంట్రోల్ ప్యానెల్‌లోకి చేరి బోర్డులు షార్టవుతాయి. మెషిన్ షాపులు గ్రాఫైటు అనగానే వద్దనేది అందుకే, వాళ్లను తప్పుపట్టలేం.

వందల్లో కావాలంటే అచ్చు పోసే మిశ్రమమే దారి. ఒక మామూలు పాళ్లు ఇలా ఉంటాయి: గ్రాఫైటు పొడి 75 నుంచి 80 శాతం, కార్బన్ బ్లాక్ (సన్నటి మసి పొడి) 2 నుంచి 5 శాతం, మిగతాది ఫినాలిక్, వినైల్ ఎస్టర్ లేదా ఎపాక్సీ రెసిన్. రెసిన్ తగ్గితే ప్లేటు పగులుతుంది, గ్యాసు కారుతుంది. పెరిగితే కరెంటు ఆగుతుంది. ఫినాలిక్ అయితే అచ్చు 160 నుంచి 180 డిగ్రీల దాకా వేడెక్కాలి, ఒత్తిడి 30 మెగాపాస్కల్ దాకా కావాలి. 400 చదరపు సెం.మీ. ప్లేటుకు అది సుమారు 120 టన్నుల ప్రెస్సు. రబ్బరు, ప్లాస్టిక్ వస్తువుల అచ్చు పని చేసే చిన్న పరిశ్రమలకు ఈ సైజు ప్రెస్సు కొత్త కాదు. కష్టమంతా ప్రెస్సు బయట ఉంది.

మొదటిది గ్రాఫైటు శుద్ధి. ఖోండలైటు నుంచి తీసిన ఖనిజాన్ని దంచి, నీళ్లలో తేలగట్టే పద్ధతిలో వేరుచేస్తే కార్బన్ 90 శాతం పైకి తేవచ్చు. పెన్సిలుకో, కొలిమి మూసకో అది చాలు. ఫ్యూయల్ సెల్‌కు 99 శాతం దాటాలి, పైగా మిగిలే బూడిదలో ఇనుము ఉండకూడదు. ఆ చివరి మెట్టుకు ఆమ్లంతో కడగడమో, క్షారంతో వేయించి కడగడమో తప్పదు. వ్యర్థజలం శుద్ధి చేసే ఖర్చూ అక్కడే మొదలవుతుంది. బూడిదలో మిగిలిన గార్నెట్, క్వార్ట్జ్ రేణువులు ఇంకో నష్టం చేస్తాయి: నునుపైన అచ్చు ముఖాన్ని గీకేస్తాయి, కాలువల అంచులు ముందుగానే మొద్దుబారతాయి.

రెండోది రేకుల దిశ. అచ్చులో నొక్కినప్పుడు గ్రాఫైటు రేకులు పేక ముక్కల్లా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడుకుంటాయి. దాంతో ప్లేటు పొడవునా కరెంటు బాగా పోతుంది, మందం గుండా చాలా తక్కువ పోతుంది. సెల్‌కు కావలసింది ఆ రెండోదే. అమ్మేవాళ్ల కాగితంలో వాహకత 100 సీమెన్స్ పర్ సెం.మీ. అని ఉంటే అది ఏ దిశలో కొలిచిందో అడగాలి. దిశ రాయలేదంటే పొడవునా కొలిచారనుకోవడమే క్షేమం. గుండ్రటి కృత్రిమ గ్రాఫైటు రేణువులు కొంత కలిపితే తేడా తగ్గుతుంది.

మూడోది పైతొక్క. వేడికి పల్చబడిన రెసిన్ అచ్చు గోడ వైపు పాకి, ప్లేటు మీద మెరిసే చర్మంలా గడ్డకడుతుంది. కంటికి అందంగా ఉన్న ఆ ప్లేటే కొలతలో ఫెయిలవుతుంది. సన్నటి ఇసుకతో బ్లాస్టింగ్ చేసి లేదా రుద్ది ఆ తొక్క తీసేస్తే స్పర్శ నిరోధం, అంటే ప్లేటు, కార్బన్ పేపరు తాకే చోట కరెంటుకు ఎదురయ్యే అడ్డు, బాగా పడిపోతుంది. మెరుపు పోయిన ప్లేటే మంచి ప్లేటు.

నాలుగోది బయటికి తెలియని విషం. నోవోలాక్ రకం ఫినాలిక్‌ను హెక్సమిన్‌తో గట్టిపరిస్తే అమ్మోనియా వస్తుంది. నొక్కేటప్పుడు అచ్చును రెండు మూడుసార్లు క్షణకాలం తెరిచి ఆ ఆవిరి వదలకపోతే ప్లేటులో బుడగలు వస్తాయి. వదిలినా కొంత లోపల మిగిలి, తరవాత మెంబ్రేన్‌లోకి దిగి ప్రోటాన్ల దారి మూస్తుంది. అచ్చుకు అంటుకోకుండా వాడే జింక్ స్టియరేటుదీ అదే కథ, జింకు అయాన్లు కూడా మెంబ్రేన్‌కు పడవు. ప్లేట్లను ఓవెన్‌లో మళ్లీ కాల్చి, అయాన్లు లేని వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్ల వాహకత పెరగడం ఆగేదాకా నీళ్లు మార్చాలి. చాలామంది ఎగ్గొట్టే మెట్టు ఇదే. ఫలితం నెలల తరవాత వోల్టేజి మెల్లగా జారిపోవడంలో కనిపిస్తుంది, అప్పుడు నింద మెంబ్రేన్ మీద పడుతుంది.

గ్రాఫైటులోనే ఇంకో రకం ఉంది. రేకులను గాఢ ఆమ్లంలో నానబెట్టి ఒక్కసారిగా వేడిచేస్తే అవి వందల రెట్లు ఉబ్బుతాయి. వాటిని బైండరు లేకుండానే షీటుగా నొక్కి, కాలువలు అద్ది, రెసిన్ ఎక్కిస్తారు. తేలిక, స్పర్శ నిరోధం తక్కువ. అయితే మిగిలిపోయిన గంధకం, క్లోరైడు ఎంతో చూసుకోవాలి.

స్టెయిన్‌లెస్ స్టీలు దగ్గర కథ తిరగబడుతుంది. బలం ఉంది, గ్యాసు కారదు, ప్రెస్సు మీద సెకన్లలో కాలువలు పడతాయి. కానీ స్టీలును తుప్పు నుంచి కాపాడే క్రోమియం ఆక్సైడు పొరే కరెంటుకు అడ్డుగోడ. పూత లేని 316ఎల్ (మాలిబ్డినం కలిపిన స్టెయిన్‌లెస్ స్టీలు గ్రేడు) ప్లేటు స్పర్శ నిరోధం లక్ష్యానికి చాలా రెట్లు ఎక్కువ ఉంటుంది. చదరపు సెం.మీ.కు 1 ఆంపియరు దగ్గర ప్రతి 10 మిల్లీ ఓమ్‌కు 10 మిల్లీవోల్టులు పోతాయి. 100 మిల్లీ ఓమ్ అయితే 0.65 వోల్టుల సెల్‌లో ఆరో వంతుకు దగ్గరగా వేడిగా మారిపోయినట్టే. ఆ పొర పల్చబడేలా ఆమ్లంతో కడిగితే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ పెరుగుతుంది.

ఇంతకంటే పెద్ద గొడవ ఇనుప అయాన్లది. తుప్పు కంటికి కనపడకముందే అవి నీళ్లతో మెంబ్రేన్‌లోకి చేరతాయి. సెల్‌లో సహజంగా పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడును విడగొట్టి హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను తయారుచేస్తాయి. అవి మెంబ్రేన్‌ను కొరికేస్తాయి, ఫ్లోరైడు బయటికొస్తుంది, నీళ్లు మరింత ఆమ్లమవుతాయి, ప్లేటు ఇంకా కరుగుతుంది. ఇది ఒక విషవలయం. బయటికొచ్చే నీళ్లలో ఫ్లోరైడు పెరిగితే మెంబ్రేన్ చివరి దశకు వస్తున్నట్టు.

గ్రేడు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. 316ఎల్‌లో క్రోమియం 16 నుంచి 18, నికెల్ 10 నుంచి 14, మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉండాలి. మన సామాన్ల బజారులో, ఫ్యాబ్రికేషన్ షాపుల్లో తిరిగే సరుకులో చాలాభాగం 200 సిరీస్. దానిలో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీసు వేస్తారు. ఆ సిరీస్‌లోని 202లో మాంగనీసు 7.5 నుంచి 10 శాతం. గరివిడి మాంగనీసుకు గిరాకీ ఇచ్చే స్టీలు ఈ కోవదే కావచ్చు గానీ, ప్లేటుకు అది పనికిరాదు. మాలిబ్డినం లేని స్టీలు క్లోరైడు తగిలిన చోట గుంటలు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూసి 304, 316 అని తేల్చడం కుదరదు, 202 కూడా అయస్కాంతానికి అంటదు. మిల్లు టెస్టు సర్టిఫికెట్టు అడగాలి, వీలైతే లోహంలో ఏముందో చూపే ఎక్స్‌రే గన్‌తో మాలిబ్డినం చూడాలి.

పూతల్లో బంగారం, టైటానియం నైట్రైడు, క్రోమియం నైట్రైడు, స్ఫటికం కాని కార్బన్ ప్రధానమైనవి. బంగారం అంటే గుండె గుభేలుమంటుంది గానీ, 10 నానోమీటర్ల మందాన 400 చదరపు సెం.మీ. ప్లేటు రెండు ముఖాలకూ కలిపి పట్టేది 15 మిల్లీగ్రాములే. బాధ ఖరీదు కంటే సూదిమొన రంధ్రాలది. పూత చాలా భాగం బాగుండి, ఒక్క రంధ్రంలో స్టీలు బయటపడితే, తుప్పు బలమంతా ఆ చుక్క మీదే పడుతుంది. 0.1 మి.మీ. రేకులో అది త్వరగానే అవతలి ముఖానికి చేరుతుంది. రేకుకు ముందే పూత పూసి తరవాత నొక్కితే చౌక, కానీ కాలువ వంపుల దగ్గర రేకు సాగి పల్చబడే చోట పూత చిట్లుతుంది. నొక్కి, లేజరుతో వెల్డు చేసి, ఆ తరవాత వాక్యూమ్ ఛాంబర్‌లో పూస్తే చిట్లదు, ఖర్చు పెరుగుతుంది. ముందు పూత వాడేటప్పుడు వంపుల దగ్గర మైక్రోస్కోపు కింద చూడకుండా సరుకు దించుకోకూడదు.

టైటానియం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. తుప్పుకు లొంగదు, తేలిక. కానీ దాని ఆక్సైడూ కరెంటును ఆపుతుంది కాబట్టి పూత తప్పదు. ఫ్లోరైడు పెరిగితే ఆ ఆక్సైడు కూడా కరుగుతుంది. ఇల్మనైటు ఇసుక నుంచి రేకు దాకా దారి పొడవు: క్లోరినుతో టైటానియం టెట్రాక్లోరైడు, దాని నుంచి మెగ్నీషియంతో క్లోరిను తీసేసి స్పాంజి (రంధ్రాల లోహపు ముద్ద), వాక్యూమ్‌లో కరిగించి దిమ్మ, ఆ తరవాత పదేపదే రోలింగు. దేశంలో స్పాంజి ప్లాంటు కేరళలోని చవరలో ఉంది, దాని సామర్థ్యం ఏడాదికి 500 టన్నులు. టైటానియం కరిగించి పోతపోసే అనుభవం హైదరాబాద్‌లోని ప్రభుత్వ లోహాల సంస్థ మిధానికి ఉంది. శ్రీకూర్మం ఇసుకకూ మిరాయ్ ప్లేటుకూ మధ్య ఇన్ని మజిలీలు.

ఇప్పుడు ఉప్పుగాలి. నౌపడలో ఉప్పు మడులు ఉన్నాయంటేనే అక్కడి గాలి సంగతి అర్థమవుతుంది. కాథోడ్‌కు (గాలి వైపు ఎలక్ట్రోడుకు) బయటి గాలే కావాలి. దానితో వచ్చిన సోడియం మెంబ్రేన్‌లో చోటు ఆక్రమిస్తుంది, క్లోరైడు ఉత్ప్రేరకమైన ప్లాటినాన్ని దెబ్బతీస్తుంది, పూత రంధ్రాల్లో స్టీలుకు గుంటలు పెడుతుంది. మొదటి రెండు నష్టాలు ఏ ప్లేటు పెట్టినా తప్పవు, కాబట్టి సన్నటి ధూళిని ఆపే ఫిల్టరు, రసాయన ఫిల్టరు రెండూ ఉండాలి. మూడో నష్టం గ్రాఫైటుకు లేదు.

చల్లబరిచే నీళ్లు ఇంకో బలహీనత. వరసగా ఉన్న ప్లేట్లన్నిటినీ ఒకే నీళ్లు తాకుతాయి. ఆ నీళ్లలో అయాన్లు ఉంటే ప్లేటు నుంచి ప్లేటుకు దొంగ కరెంటు పారి, లోహం కరుగుతుంది. వాహకత సెం.మీ.కు 5 మైక్రో సీమెన్స్ లోపు ఉంచాలి. బోరు నీళ్ల ఊసే వద్దు. ఆర్‌ఓ ప్లాంటు 20 లీటర్ల క్యాను నీళ్లు కూడా పనికిరావు, 50 పీపీఎం ఉప్పులున్న నీళ్ల వాహకత సుమారు 100 మైక్రో సీమెన్స్. బ్యాటరీ నీళ్ల సీసా కొన్నా మీటరు పెట్టి చూశాకే పొయ్యాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి చోట మొబైల్ టవరుకు ఆసరాగా 5 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ అనుకుందాం. 48 వోల్టులకు సుమారు 75 సెల్స్ కావాలి. 280 చదరపు సెం.మీ. ప్లేట్లయితే మిశ్రమ గ్రాఫైటుతో మొత్తం 8 కిలోలు, స్టీలుతో 3.4 కిలోలు. తేడా అయిదు కిలోల లోపే. ఆ పక్కనే నిలబెట్టే హైడ్రోజన్ సిలిండరు ఒక్కటే అంతకు ఎన్నో రెట్లు బరువు. 47 లీటర్ల సిలిండరులో 150 బార్ దగ్గర పట్టేది అర కిలో పైచిలుకు హైడ్రోజన్, దానితో వచ్చేది దాదాపు 9 యూనిట్లు. సగటున 2 కిలోవాట్ల లోడును మూడు రోజులు లాగాలంటే 16 సిలిండర్లు కావాలి. ఇంత సరంజామాలో ప్లేటు బరువు తగ్గించి సాధించేది ఏమీ లేదు. తీరప్రాంతపు స్థిర యంత్రాలకు అచ్చు పోసిన గ్రాఫైటు మిశ్రమమే సరైనది. పూత స్టీలు వాహనాలకు సబబు, అదీ పూత నాణ్యత కొలిచి చూపించగలిగితేనే.

కొలవడం అంత కష్టమేమీ కాదు. రాజాం, టెక్కలి, విజయనగరం వంటి చోట్ల ఇంజనీరింగు కాలేజీల్లో ఉండే యూనివర్సల్ టెస్టింగ్ మెషిన్ (నమూనాలను నొక్కి, లాగి బలం చూసే యంత్రం) చాలు. 5 సెం.మీ. చదరపు ముక్కను రెండు కార్బన్ పేపర్ల మధ్య, వాటిని బంగారు పూత రాగి పలకల మధ్య పెట్టి, మెషిన్ దవడలకు తగలకుండా ఇన్సులేషన్ షీటు వెయ్యాలి. 3500 న్యూటన్ల బరువు పెడితే చదరపు సెం.మీ.కు 140 న్యూటన్లు వస్తుంది. 25 ఆంపియర్లు పంపి, వోల్టేజి తీగలను కరెంటు తీగలతో కలపకుండా విడిగా రాగి పలకలకే పెట్టి చదవాలి. వైశాల్యం 25 కాబట్టి మీటరు చూపే మిల్లీవోల్టులే మిల్లీ ఓమ్ చదరపు సెం.మీ. లెక్క. తరవాత ప్లేటు తీసేసి ఒకే పేపరుతో మళ్లీ కొలవాలి. మొదటిది 80, రెండోది 10 వస్తే, తేడాలో సగం, అంటే 35 ఒక ముఖపు స్పర్శ నిరోధం. అది 10 లోపు ఉండాలి, కాబట్టి ఆ ముక్క ఫెయిల్. ప్రతిసారీ కొత్త పేపరు వాడాలి. ఒకసారి నలిగిన పేపరు వెనక్కి లేవదు, రెండోసారి అంకె అబద్ధం చెబుతుంది.

లోహపు ప్లేటుకు తుప్పు పరీక్ష కూడా కావాలి: పీహెచ్ 3, ఫ్లోరైడు 0.1 పీపీఎం, 80 డిగ్రీల ద్రావణం. కాథోడ్ వైపు గాలి ఊదుతూ, వెండి-వెండి క్లోరైడు ఎలక్ట్రోడుతో పోల్చి 0.6 వోల్టుల దగ్గర 24 గంటలకు పైగా ఉంచి కరెంటు చూస్తారు. ఈ తీరానికి కొనేవాళ్లు అదే ద్రావణంలో కొద్దిగా ఉప్పు కలిపి ఇంకో పరుగు అడగడం మంచిది. ఆ పరుగు తరవాత మళ్లీ స్పర్శ నిరోధం కొలవాలి. తుప్పు కరెంటు తక్కువగా వచ్చిన ప్లేటు కొన్నిసార్లు ఆక్సైడు మందంగా పెరగడం వల్లే అలా వస్తుంది, అది రెండో కొలతలోనే బయటపడుతుంది.

అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన గ్రీన్ హైడ్రోజన్ హబ్ వల్ల, నీళ్లను కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్లకూ ఇవే ప్లేట్లు సరిపోతాయా అన్న ప్రశ్న వస్తుంది. మెంబ్రేన్ రకం ఎలక్ట్రోలైజరులో ఆక్సిజన్ వైపు వోల్టేజి 2 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ గ్రాఫైటు కార్బన్ డయాక్సైడుగా కాలిపోతుంది, స్టీలు కరిగిపోతుంది. ప్లాటినం వంటి పూత ఉన్న టైటానియమే అక్కడ నిలుస్తుంది. క్షార రకం ఎలక్ట్రోలైజరు అయితే నికెల్ పూత పూసిన మామూలు ఉక్కుతో నడుస్తుంది.